జనాజా ముందు మైకులో చెప్పని అప్పు: మసీదు కమిటీ పెద్దలకు బహిరంగ లేఖ

అస్సలాము అలైకుం.

గుంటూరు, పల్నాడు జిల్లాల మసీదు కమిటీల సదర్ సాబ్‌లకు, సెక్రటరీలకు, ముతవల్లీలకు, జుమా రోజు మింబర్ ఎక్కి మాకు బయాన్ చెప్పే ఇమామ్ సాబ్‌లకు ఈ ఉత్తరం. నేను ఆలిమ్‌ను, అంటే మత పండితుణ్ని, కాను. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాను, మా మొహల్లా మసీదుకు తొమ్మిదేళ్లు ఖజాంచీగా లెక్కలు రాశాను. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో చూడటం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఈ ఉత్తరం కూడా బాకీల గురించే, ముఖ్యంగా మన మగాళ్లం ఇంట్లో ఆడవాళ్లకు ఎగ్గొట్టినవాటి గురించి.

ఇది బయటపెట్టే ముందు లోపల చెప్పి చూశాను. రంజాన్ తర్వాత జరిగిన మీటింగులో, వజూఖానాకు టైల్సా గ్రానైటా అని గంటన్నర మాట్లాడుకుని, ఏసీ కరెంటు బిల్లు దగ్గర పేచీ పడి, అందరూ టీ తాగుతున్నప్పుడు నేను నోరు తెరిచాను. సగం కూడా చెప్పకముందే ఒక పెద్దాయన "భాయ్, ఇవి ఇళ్లల్లో విషయాలు, మసీదులో ఎందుకు" అన్నారు. ఇంకొకాయన "అసలే రోజులు బాలేవు, మనమంటే పడనివాళ్లకు మనమే మాటలు అందిద్దామా" అన్నారు. ఈ రెండో ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. టీవీ పెడితే చాలు, మన మగాళ్ల గురించి మనకే తెలియని సంగతులు చెబుతుంటారు. కానీ పక్కింటోడు నవ్వుతాడని పుండుకు మందు రాసుకోకుండా కూర్చుంటే, కుళ్లేది మన కాలే కదా, పక్కింటోడిది కాదు.

మా నాన్న 2003 మే నెలలో పోయారు. పొద్దున పది గంటలకే రాళ్లు పగిలే ఎండ. గుసుల్ (శవానికి స్నానం) అయిపోయింది, కఫన్ గుడ్డ చుట్టారు, ఇల్లంతా కర్పూరం వాసన. జనాజా (పాడె) లేపబోయే ముందు మా ఫుప్పు (మేనత్త), ఇంకో ఆడమనిషి కలిసి అమ్మను చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి తల దగ్గర నిలబెట్టారు. "మెహర్ మాఫ్ కియా బోల్" అన్నారు, అంటే నికా రోజు మొగుడు ఇస్తానని ఒప్పుకున్న సొమ్మును వదిలేశానని చెప్పమని. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెకు ఎవరూ కనపడుతున్నట్టు లేదు. మళ్లీ అన్నారు. "చెప్పమ్మా, ఆయన బరువు దిగాల" అన్నారు. మూడోసారికి పెదాలు కదిలాయి, "కియా" అంది, అర నిమిషం కూడా పట్టలేదు, వెనక్కి తీసుకెళ్లిపోయారు. నేను అత్తరు సీసా చేతిలో పట్టుకుని పక్కనే ఉన్నాను. నాకు అందులో తప్పేమీ కనపడలేదు, అందరూ అలాగే చేస్తారు కదా అనుకున్నాను.

గంట తర్వాత జనాజా నమాజుకు సఫ్‌లు (వరసలు) కట్టారు. ఇమామ్ సాబ్ నన్ను ముందుకు పిలిచి మైకు చేతికిచ్చారు. "మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేను తీరుస్తాను, లేదంటే అల్లా కోసం మాఫ్ చేయండి" అన్నాను. ఇద్దరొచ్చారు. కిరాణా కొట్టాయనకు 340 రూపాయలు, దుక్కి దున్నిన ట్రాక్టరాయనకు 900. సాయంత్రం మగ్రిబ్ లోపల ఇద్దరికీ ఇచ్చేశాను. కొడుకంటే అట్టా ఉండాల అని ఊళ్లో పది రోజులు నా గురించి చెప్పుకున్నారు. నేనూ లోపల పొంగిపోయాను.

అందరికంటే పెద్ద బాకీ రావాల్సిన మనిషి ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను మాత్రం ఎవరూ మైకులో పిలవలేదు, పిలవకుండానే మాఫీ రాయించేసుకున్నారు.

ఆ మైకు ప్రకటన మనకు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇమామ్ సాబ్‌లకు నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ప్రవక్త (స) ముందుకు ఒక జనాజా తెచ్చారు. ఈయనకు అప్పేమైనా ఉందా అని అడిగారు. మూడు దీనార్లు ఉంది అన్నారు. ఏమైనా వదిలి వెళ్లాడా అంటే లేదన్నారు. అయితే మీ వాడికి మీరే నమాజు చదువుకోండి అన్నారు ప్రవక్త (స). అప్పుడు ఆయన సహచరుడు అబూ ఖతాదా (రజి) లేచి, ఆ అప్పు నేను తీరుస్తాను అన్నాకే నమాజు చదివించారు. ప్రవక్త (స) మాటల్ని, పనుల్ని చెప్పే హదీసుల గ్రంథం బుఖారీలో ఉంది. మూడంటే మూడు దీనార్లు. మెహర్ కూడా అచ్చంగా అలాంటి అప్పే, మనిషి పోయాక ఆస్తి పంచుకోవడానికి ముందు పక్కన తీసిపెట్టాల్సిన అప్పు. మెహర్‌ను సంతోషంగా ఇవ్వండి, వాళ్లంతట వాళ్లు మనస్ఫూర్తిగా అందులో కొంత వదులుకుంటే అనుభవించండి అని ఖురాన్‌లో సూరా నిసా నాలుగో ఆయతు (వాక్యం) చెబుతుంది. మొగుడి శవం తల దగ్గర ఇద్దరు రెక్కలు పట్టుకుని మూడుసార్లు అడిగితే వచ్చిన "కియా" మనస్ఫూర్తిగా వచ్చినట్టేనా? ఏ మౌల్వీ సాబ్ అయినా అవునంటే నా ముందుకొచ్చి చెప్పమనండి.

నికాల దగ్గర నేను కొన్నాళ్లు రిజిస్టరు కూడా రాశాను కాబట్టి ఇంకో ముచ్చట. మెహర్‌లో రెండు రకాలున్నాయి, అక్కడికక్కడ ఇచ్చేది ఒకటి, తర్వాత ఇచ్చేది ఒకటి. అరబ్బీ రాతలో ఆ రెండు మాటలకూ ఒక్క అక్షరం తేడా, మన నోట్లో పడ్డాక ఆ తేడా కూడా ఉండదు, రెండూ "మొఅజ్జల్" అనే వినపడతాయి. మనవాళ్లకు ఇదేదో బాగా కలిసొచ్చింది. ఏ మొఅజ్జల్ అని నేను పెన్ను పట్టుకుని అడిగితే పెళ్లికొడుకు తండ్రి ముఖం చిట్లించి "ఏదో ఒకటి రాయి బాబూ, ఇప్పుడెవరిస్తారు" అనేవాడు. నాలుగు రోజుల ముందు ఇదే మనిషి జోడే కా పైసా (కట్నం డబ్బు) నాలుగు లక్షలా నాలుగున్నరా అని, బండి పల్సరా బుల్లెట్టా అని రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని ఒక్క వెయ్యి కూడా వదలకుండా తేల్చుకున్నవాడు. అమ్మాయి వాళ్లు ఇచ్చేదైతే పైసాతో సహా తేలాలి, అమ్మాయికి ఇచ్చేదైతే ఏదో ఒకటి రాయాలి. ఆ పక్కనే కూర్చుని ఇమామ్ సాబ్ నికా ఖుత్బా చదువుతారు. అందులో మూడు చోట్ల నుంచి తీసిన ఆయతులు ఉంటాయి, మూడింట్లోనూ అల్లాకు భయపడండి అనే మాట ఉంటుంది. పెళ్లి ఖుత్బాలో అన్నిసార్లు ఆ మాట ఎందుకు పెట్టారో ఒక్క ఇమామ్ సాబ్ అయినా అక్కడ తెలుగులో రెండు నిమిషాలు చెబితే ఎంత బాగుండేది. చెప్పరు. బిర్యానీ డేగిషా మూత తీస్తారు.

తెలుగు అన్నాను కాబట్టి ఒకటి. మా వైపు దూదేకులవాళ్లు, పల్లెల్లో ఇంకా చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఉర్దూ అంటే సలాం, దువా వరకే. పోయినేడు సీరత్ జల్సాకు, అంటే ప్రవక్త (స) జీవితం గురించి చెప్పే సభకు, పెద్ద ఫ్లెక్సీ కట్టారు, "హుస్నె అఖ్లాఖ్" అని తెలుగు అక్షరాల్లోనే రాశారు. మా వీధి కుర్రాడు, ఇంటర్ ఫెయిలై బ్యాటరీల షాపులో చేస్తున్నాడు, ఆ ఫ్లెక్సీ కింద బండి ఆపి "మామూ, ఇదెవరి పేరు, బయటి నుంచి వచ్చే మౌలానాదా?" అని నన్ను అడిగాడు. నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. మంచి నడవడి అని రాస్తే వాడికి అర్థమయ్యేది కదా. జల్సాకు అంత ఖర్చు పెట్టాం (లెక్క నేనే రాశాను), ఎవడి కోసం పెట్టామో వాడికి అదొక మనిషి పేరనిపించింది.

ఆ కుర్రాణ్నే మనం బండి సైలెన్సర్ తీసేశాడని, జుట్టు అట్టా కత్తిరించుకున్నాడని, షబె బరాత్ రాత్రి రోడ్ల మీద తిరుగుతున్నాడని మైకు పట్టుకుని తిడతాం. తిట్టండి, తప్పు లేదు. కానీ వాడు పదకొండేళ్ల వయసులో మెకానిక్ షెడ్డులో పనికి చేరినప్పుడు పానా అందించడం ఆలస్యమైతే చెంప మీద కొట్టిన ఉస్తాద్ మన మొదటి సఫ్‌లో నమాజు చదువుతాడు. అనస్ (రజి) కూడా చిన్నపిల్లాడిగానే పనికి చేరారు. పదేళ్లు ప్రవక్త (స) దగ్గర పని చేశారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఉఫ్ అనలేదు, ఇది ఎందుకు చేశావనిగానీ ఎందుకు చేయలేదనిగానీ అనలేదు అని ఆయనే చెప్పారు. పనిపిల్లాడి నోటి నుంచి వచ్చిన సర్టిఫికెట్టు అది. మన షెడ్లలో, వెల్డింగు షాపుల్లో, పరుపుల కొట్లలో, చికెన్ సెంటర్లలో పనిచేసే పిల్లల్ని పిలిచి, మీ ఓనరు ఎలాంటివాడురా అని ఎప్పుడైనా అడిగామా?

ఇదే నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. మగాడి గుణం మనం మసీదులో కొలుస్తున్నాం. గడ్డం ఎంత ఉంది, ప్యాంటు చీలమండ పైన ఉందా, ఫజర్‌కు (తెల్లవారుజాము నమాజుకు) వస్తున్నాడా, చందా ఎంత రాశాడు. గడ్డం పెంచడం ప్రవక్త (స) సున్నత్, అంటే ఆయన ఆచారం, కాదనే ధైర్యం నాకు లేదు, నాకూ గడ్డం ఉంది. కానీ మసీదులో మనిషి ఉండేది రోజుకు గంటన్నర, అదీ అందరూ చూస్తుండగా. మిగతా ఇరవై రెండున్నర గంటల సాక్షులు వేరే ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మసీదుకు రారు.

దైవవాణి మొదటిసారి దిగాక హిరా గుహ నుంచి ప్రవక్త (స) వణుకుతూ ఇంటికొచ్చిన రాత్రి గురించి మనందరం చిన్నప్పటి నుంచి వింటున్నాం. దుప్పటి కప్పండి అన్నారు, నాకేమవుతుందో అని భయమేస్తోంది అన్నారు. అప్పుడు ఆయన భార్య ఖదీజా (రజి) ఏమన్నారు? అల్లా మిమ్మల్ని ఎన్నటికీ అవమానించడు, మీరు బంధువుల్ని కలుపుకుపోతారు, మోయలేనివాళ్ల బరువు మోస్తారు, లేనివాళ్లకు సంపాదించి పెడతారు, అతిథిని ఆదరిస్తారు, ఆపదలో ఉన్నవాళ్లకు సాయపడతారు. ఐదు మాటలు. పెళ్లయి అప్పటికి పదిహేనేళ్లు, పదిహేనేళ్ల కాపురంలో కళ్లారా చూసినవి చెప్పింది ఆమె. ఇంకోటి గమనించండి, అప్పటికి ఐదు పూటల నమాజు రాలేదు, రోజా రాలేదు, హజ్ రాలేదు. ఆయన నబీ అని లోకం ఒప్పుకోకముందే ఆయన మంచివాడని ఇంట్లో సాక్ష్యం పడింది, అదీ భార్య నోటి నుంచి. ఈ కథను మనం ఆమె గొప్పతనంగా చెప్పి వదిలేస్తాం, మన మీదికి రానివ్వం.

నేను ఒకసారి రానిచ్చి చూశాను. మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని, ఖదీజమ్మ చెప్పినట్టు నా గురించి ఐదు మాటలు చెప్పు అన్నాను. రెండు చెప్పింది. మూడోది ఆలోచించి చెబుతాను అంది. ఇప్పటికి వారమైంది.

యార్డు ముచ్చట ఒకటి చెప్పకపోతే నా ముప్పై ఏళ్లకు అర్థం లేదు. మిర్చి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బరువు పెరగడానికి రాత్రిపూట కాయ మీద నీళ్లు కొడతారు. పైన ఎండుకాయ పోసి టిక్కీ (బస్తా) కుడతారు, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిస్తే గానీ ఆ చెమ్మ తెలియదు. నెల తిరిగేసరికి బూజు. మా కొట్టుకు సరుకు తెచ్చే ఒకాయన, అర్ధరాత్రి చదివే తహజ్జుద్ నమాజు కూడా వదలని మనిషి, సీజన్ మొదట్లో మంచి తేజ రకం కాయ తెచ్చేవాడు, మార్చి వచ్చేసరికి ఆయన టిక్కీలు ఎత్తే హమాలీలు మూలిగేవాళ్లు. ఒకరోజు చెయ్యి పెట్టాను. తడి. ఆయన నా కళ్లలోకి చూసి "మంచు పడిందిలే భాయ్" అన్నాడు. నాకు వెంటనే హదీసు గుర్తొచ్చింది, బజారులో ధాన్యం రాశిలో ప్రవక్త (స) చెయ్యి పెడితే వేళ్లకు తడి తగలడం, ఇదేంటని అడిగితే వాన పడింది అని ఆ వ్యాపారి చెప్పడం, మరి జనానికి కనపడేట్టు ఆ తడిసింది పైన పెట్టొచ్చు కదా, మోసం చేసినవాడు మావాడు కాదు అని ప్రవక్త (స) అనడం. పద్నాలుగు వందల ఏళ్ల నాటి సాకు, పొల్లు పోకుండా అదే. అక్కడ వాన, ఇక్కడ మంచు. నేను ఏం చేశానంటారా? చీటీ రాసి ఇచ్చాను. ఆయన మాకు పెద్ద పార్టీ. ఆ రోజు నుంచి ఆ హదీసు ఎవరు చెప్పినా నా తల కిందికి పోతుంది.

వ్యాపారంలో మునిగినవాణ్ని మనం ఐపీ పెట్టాడు అంటాం కదా. దివాలా తీసినవాడెవరో తెలుసా అని ప్రవక్త (స) అడిగితే సహాబాలు (ఆయన సహచరులు) కూడా డబ్బు, సరుకు లేనివాడని మనలాగే చెప్పారు. ఆయన కాదన్నారు. నమాజులు, రోజాలు, జకాత్ అన్నీ పట్టుకుని ఖయామత్ (తీర్పు) రోజు వస్తాడు, కానీ ఒకణ్ని తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకణ్ని కొట్టి ఉంటాడు. వాళ్లందరూ వచ్చి వాడి పుణ్యాలు పంచుకుపోతారు, అవి చాలకపోతే వాళ్ల పాపాలు వీడి మీద వేస్తారు, నరకంలోకి తోస్తారు. గుమాస్తాగా చెబుతున్నాను, ఇంత సాఫ్ లెక్క ఇంకోటి లేదు. జమ వైపు ఎంత రాసుకున్నా బాకీ వైపు పేజీ చించేయడానికి కుదరదు.

కోపం సంగతికి వద్దాం. మగాడన్నాక కోపం ఉంటది అంటాం, అదేదో మీసం లాగా మగాడికి సహజంగా మొలిచేదైనట్టు. కుస్తీలో పడగొట్టేవాడు బలవంతుడు కాదు, కోపంలో తన్ను తాను ఆపుకునేవాడు బలవంతుడు అనే హదీసు మన పిల్లలకు కూడా నోటికొచ్చు. కోపమొస్తే నిలబడి ఉంటే కూర్చో, అప్పటికీ పోకపోతే పడుకో అని కూడా ఉంది, దాన్ని పాటించినవాణ్ని ఒక్కణ్ని చూశాను, మా చిన్నాన్న. గొడవ మొదలైతే ఆయన నేల మీద తువాలు పరుచుకుని పడుకునేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆయన భార్య మాత్రం నవ్వేది కాదు. మనం ఆపుకోలేకపోయినందుకు ఏమైందో చూశారుగా, ఒక్క ఊపిరిలో మూడుసార్లు తలాఖ్ అని ఇంట్లోంచి పంపేవాళ్లను కమిటీలు మందలించి ఉంటే సరిపోయేది, మందలించలేదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు అది చెల్లదంది, 2019లో మూడేళ్ల దాకా జైలు శిక్షతో చట్టమే వచ్చింది. ఆ చట్టంలో రాజకీయం ఉందా అంటే నాకూ ఉందనే అనిపిస్తుంది, ఆ వాదన వేరే పెట్టుకుందాం. సందు ఇచ్చింది ఎవరు అన్నది నా ప్రశ్న. 2024 జులై 10న ఇంకో తీర్పు వచ్చింది, తలాఖ్ అయిన ముస్లిం ఆడమనిషి కూడా మిగతా అందరు ఆడవాళ్లలాగే భరణం అడగొచ్చని. ఆ కేసు వెళ్లింది మన పక్కనున్న తెలంగాణ నుంచే. ఫ్యామిలీ కోర్టు నెలకు ఇరవై వేలన్నది, హైకోర్టు పది వేలకు తగ్గించింది, ఆ పది వేలు కూడా ఇవ్వక్కర్లేదని వాదించడానికి ఢిల్లీ దాకా వెళ్లారు. ఇంటిపట్టున ఉండే భార్య చేతికి సొంతంగా డబ్బు అందాలని, జాయింట్ అకౌంటు, ఏటీఎం కార్డు గురించి కూడా ఆ తీర్పులో జస్టిస్ నాగరత్న రాశారు. అది చదివినప్పుడు నాకు మెహరే గుర్తొచ్చింది. ఆమె చేతికి ఆమె డబ్బు, ఇది మనకు ఎప్పుడో చెప్పిందే, మనం పాటించలేదు కాబట్టి ఇప్పుడు జడ్జిగారు చెప్పాల్సి వచ్చింది.

చూపుల గురించి బయాన్ పెడితే నలభై నిమిషాల్లో ముప్పై ఐదు నిమిషాలు ఆడవాళ్ల పరదా మీదే నడుస్తుంది, వినేదంతా మగాళ్లం. సూరా నూర్‌లో ముప్పయ్యో ఆయతు మగవాళ్లను చూపు దించుకోమంటుంది, ఆడవాళ్ల సంగతి ఆ తర్వాతి ఆయతులో వస్తుంది. ఆ వరస మనం మార్చేశాం.

అక్కచెల్లెళ్ల వాటా. ఇది రాయడానికి నాకు చేతులు రావడం లేదు, ఎందుకంటే దొంగ నేనే. మా నాన్నకు ఊరి బయట ఎకరం ఇరవై సెంట్లు ఉండేది. షరియత్ ప్రకారం ఆ నూట ఇరవై సెంట్లలో అమ్మకు 15, నాకు 52న్నర, అక్కకు 26 పాతిక, చెల్లెలికి 26 పాతిక. ఈ లెక్క చిన్నపిల్లాడు కూడా వేస్తాడు, నేను గుమాస్తాని. 2004లో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర స్టాంపు వెండరు బల్ల మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాను, మాకేమీ వద్దని. తలా ఒక చీర, ఐదు వేలు, బస్టాండులో చెరుకు రసం. పెళ్లికి అంత ఇచ్చాం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పెళ్లికిచ్చే జహేజ్ వేరు, ఆస్తిలో వాటా వేరు అని నాకు తెలియదా? తెలుసు. మా అక్క సంతకం పెట్టి పెన్ను మూత పెడుతూ "మంచిదేలే తమ్ముడూ, పుట్టిల్లు ఉంటే చాలు" అంది. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరని ఆడపిల్లలకు భయం. ఆ భయానికి మనం పెట్టిన పేరు ప్రేమ.

2015లో మసీదు లెక్కల్లో ఎవరో ఆరు వందలు తేడా చేశారని నేను కమిటీలో గట్టిగా అరిచి, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఆరు వందలకు అరిచిన నోరు నాది, మింగింది యాభై రెండున్నర సెంట్లు. ఆ మరుసటి ఏడు చీటీ పాట ఎత్తాను. ముందు అమ్మ మెహర్. 1969లో రాసింది 525 రూపాయలు. మౌల్వీ సాబ్‌ను అడిగితే రాసిన రూపాయలే బాకీ అన్నారు. నాకు మనసొప్పలేదు, అప్పట్లో తులం బంగారం రెండు వందలకు అటూ ఇటూ, అంటే రెండున్నర తులాల పైమాట. రెండున్నర తులాలకు లెక్కగట్టి తీసుకెళ్లి ఇచ్చాను. అమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. "ఆ రోజు మాఫ్ చేశానన్నావు కదమ్మా" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని. "నన్ను అడిగారా, నాతో అనిపించారు" అంది. పదమూడేళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుంది. ఆ డబ్బుతో తనకంటూ ఒక మంచం, ఒక గోడ ఫ్యాను కొనుక్కుని, మిగతాది పోస్టాఫీసులో వేసుకుంది. ఆ ఫ్యాను తన వైపు తప్ప ఇంకెటూ తిప్పనివ్వదు.

చెల్లెలికి ఆ రోజు రేటు ప్రకారం రెండు విడతల్లో ఇచ్చాను. అక్కకు సగమే ఇవ్వగలిగాను, మిగతాది నా నోటు పుస్తకంలో రాసి ఉంది, నేను పోతే నా కొడుకు ఇవ్వాలని కింద సంతకం కూడా చేశాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, పన్నెండేళ్లు ఎగ్గొట్టి ఇచ్చినవాడికి గొప్పేముంటుంది.

గుణం పుట్టుకతో రావాలి, ఇప్పుడు మనం మారతామా అనే పెద్దలకు పాతకాలపు పెద్ద పండితుడు ఇమామ్ గజాలీ మాట ఒకటి. మంచి దస్తూరీ కావాలనుకున్నవాడు మంచి రాతగాడి అక్షరాల్ని పట్టుబట్టి దిద్దుతూ పోతాడు, మొదట్లో అది నటనలాగే ఉంటుంది, దిద్దగా దిద్దగా అది వాడి చేతిరాతే అయిపోతుంది, గుణం కూడా అంతే, చెయ్యి రాని పిసినారి పట్టుబట్టి ఇస్తూ పోతే ఇవ్వడం అలవాటవుతుంది అన్నారాయన. ఆయనే బాగ్దాద్‌లో పెద్ద మదర్సాలో పాఠాలు చెబుతూ, తాను చెబుతున్నది అల్లా కోసం కాదు పేరు కోసమని తేల్చుకుని 1095లో ఆ కుర్చీ వదిలి వెళ్లిపోయారు. మా కమిటీల్లో కుర్చీ వదలడం సంగతి దేవుడెరుగు.

అందుకని నేను అడిగేది పెద్ద పనులేమీ కావు. నికా రిజిస్టరులో మెహర్ గడి దగ్గర "ఏదో ఒకటి" రాయకండి, అక్కడికక్కడ ఎంత, తర్వాత ఎంత అని తెలుగులో, అమ్మాయికి వినపడేట్టు చదవండి. జోడే కా పైసా తీసుకున్నారని తెలిసిన పెళ్లికి ఇమామ్ సాబ్‌ను పంపొద్దని మీకు చెప్పేంత వాణ్ని కాను, కనీసం ఆ దావత్‌లో కమిటీ పెద్దలు ముందు బల్లకు కూర్చోవడం మానండి. అరబ్బీ చదువుకొచ్చే మగపిల్లలతో సూరాలు అప్పజెప్పించుకునేటప్పుడు, ఈ వారం ఇంట్లో గిన్నెలు ఎవరు కడిగారో కూడా అడగండి. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారు, నమాజు వేళకు వెళ్లేవారు అని ఆయన భార్య ఆయిషా (రజి) చెప్పారుగా. కమిటీలోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు వాళ్ల అక్కచెల్లెళ్లకు వాటా అందిందా అని ఒక మాట విచారించండి. నాలుగు మసీదుల్లో కమిటీలు సగం ఖాళీ అవుతాయని తెలుసు, మొదట ఖాళీ అయ్యే కుర్చీ నాదే. అందుకే పోయిన నెల రాజీనామా ఇచ్చాను, ఏసీ బిల్లు గురించి అని మీరు అనుకుంటున్నారు, కాదు.

ఇక జనాజా ప్రకటన. మైకు ఇచ్చేటప్పుడు కొడుకులకు ఏం చెప్పాలో తెలియదు, మీరు చెప్పమన్నదే చెబుతారు. కాబట్టి ఈ కాగితం మైకు పెట్టె మూతకు లోపల అంటించుకోండి, నేనే టైపు చేయించి తెస్తాను, ఖర్చు కమిటీది కాదు:

"మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేను తీరుస్తాను. మా అమ్మకు ఆయన ఇవ్వాల్సిన మెహర్ ఇంత. అది ఇచ్చేశారు, లేదా నలభై రోజుల్లోపు నేను ఇస్తాను. ఇంట్లో ఎవరూ ఆమెను మాఫీ అడగలేదు. మా అక్కచెల్లెళ్ల వాటా ఎవరూ రాయించుకోరు. దీనికి ఈ సఫ్‌లో ఉన్నవాళ్లంతా సాక్షి."

వస్సలాం,
మీ మాజీ ఖజాంచీ